వక్త గారి సుగుణాలు

అయ్యా,

ఫిబ్రవరి 28 దగ్గరపడుతోందంటే దేశంలో ప్రతి సైన్స్ మ్యూజియమూ మీలాంటివారి కోసం ఫోన్లు చేస్తుంది. 1928లో ఆ తేదీన రామన్ తన ఆవిష్కరణ చేశారు కనుక, 1987 నుంచి దాన్ని జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ వారంలో మీకు నాలుగైదు చోట్ల నుంచి పిలుపులు వచ్చి ఉంటాయి. విద్యార్థుల థీసిస్‌లు, గడువు మీద పడిన ప్రాజెక్టు రిపోర్టు, ఇంటి పనులు అన్నీ పక్కనపెట్టి మా నగరంలోని మ్యూజియానికే వచ్చారు. డబ్బు అడగలేదు. కారు పంపలేకపోయామంటే ఏమీ అనుకోలేదు, ఆటోలో దిగారు. తుఫాన్లను ముప్పై ఏళ్లుగా పరిశీలిస్తున్న మనిషి తుఫాన్ల గురించి చెప్పడానికి మా పిల్లల ఎదుట నిలబడడం చిన్న విషయం కాదు. నోటికొచ్చిన తేదీలు చెప్పి ఫలానా రోజున ప్రళయం వస్తుందని ఫోన్లలో భయపెట్టేవాళ్లకు లక్షల మంది శ్రోతలున్న కాలమిది. అలాంటి కాలంలో తెలిసిన మనిషి తెలిసిన విషయం చెప్పడానికి గడప దాటి రావడమే పుణ్యం.

మిమ్మల్ని పిలిచినవాళ్లనూ మెచ్చుకోవాలి. మూడు వందల కుర్చీల హాలును ఒక పని రోజున నింపడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. బడులకు ఉత్తరాలు రాశారు, బస్సులకు అనుమతులు తెచ్చారు, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు, మంచినీళ్లు ఏర్పాటు చేశారు. జ్యోతి ప్రజ్వలన జరిగింది. వేదిక మీద ఉన్న పెద్దలందరూ తలా నాలుగు మాటలు చెప్పారు. మీ పరిచయ పత్రాన్ని ఒక అక్షరం వదలకుండా చదివారు. చదివిన డిగ్రీలు, పనిచేసిన సంస్థలు, ప్రచురించిన పత్రాల సంఖ్య, సభ్యత్వం ఉన్న కమిటీలు, అందుకున్న పురస్కారాలు అన్నీ విన్నాం. మిమ్మల్ని గౌరవించాలన్న వాళ్ల కోరిక నిజమైనది. ఆ గౌరవం పూర్తయ్యేసరికి పదకొండున్నరకు మొదలు కావలసిన మీ ప్రసంగం పన్నెండుకు మొదలైంది. ఒంటిగంటకు బస్సులు బయల్దేరాలి. ముందు వరుసల్లో పిల్లలు అప్పటికే గంటన్నరగా కూర్చుని ఉన్నారు.

మీలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది మీ జాగ్రత్త. ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు. ఎక్కడ కచ్చితంగా తెలుసో, ఎక్కడ అంచనా మాత్రమేనో విడదీసి చెప్పారు. ఏ తుఫాను గమనాన్నయినా మీ కంప్యూటర్ మోడల్ ఎన్ని కిలోమీటర్ల తేడాతో పట్టుకోగలదో చెబుతూ, ఆ తేడా ఎందుకొస్తుందో మూడు స్లైడ్లలో వివరించారు. మీ సాటి శాస్త్రవేత్తలు ఉన్న సభ అయితే ఆ మూడు స్లైడ్లకే లేచి చప్పట్లు కొట్టేవారు. నిజాన్ని నలగనివ్వని ఆ పట్టుదల మీ వృత్తికి ప్రాణం. ఆ పట్టుదలే మిమ్మల్ని ఆ రోజు ఒక చిన్న మాట చెప్పనివ్వలేదు. తుఫాను ఎందుకు తిరుగుతుంది? దీనికి రెండు వాక్యాల్లో జవాబు చెబితే అది పూర్తి సత్యం కాదేమోనని మీకు బెంగ. అందుకే సమీకరణం చూపించారు.

నా పక్క కుర్చీలో ప్రభుత్వ పాఠశాల నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి కూర్చుంది. ఆమె నోటుపుస్తకం నాకు కనిపిస్తూనే ఉంది. పైన తేదీ వేసి, మీ పేరు, ప్రసంగం పేరు ఎర్ర సిరాతో రాసి కింద గీత కొట్టుకుంది. ఆ కింద ‘కోరియాలిస్ ఫోర్స్’ అని తెలుగులో రాసుకుంది. మీరు తెర మీద చూపిన సూత్రాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. ముందు 2 వేసింది. తర్వాతి గ్రీకు అక్షరం ఏమిటో తెలియక, దాన్ని బొమ్మలా చూసి గీసింది. మూడో అక్షరం రాసేలోపు స్లైడు మారింది. మళ్లీ వస్తుందేమోనని ఆ వరుసలో మిగతా చోటు ఖాళీగా ఉంచి కింది వరుసకు వెళ్లింది. మళ్లీ రాలేదు. తర్వాతి స్లైడుకూ అదే జరిగింది. ఆ పేజీ చివరికొచ్చేసరికి సగం సగం వాక్యాలు, వాటి పక్కన ఖాళీలు మిగిలాయి. ఆ పిల్ల శ్రద్ధను పొగడడానికి నాకు మాటలు చాలవు.

మ్యూజియం వాళ్లు ఎంతో డబ్బు పెట్టి, ఎంతో ముచ్చటపడి ముందు హాల్లో ఒక పెద్ద లోలకాన్ని వేలాడదీశారు. మీ సభ జరిగిన గది తలుపు దాటితే ఇరవై అడుగుల దూరం. 1851లో లియోన్ ఫూకో పారిస్‌లోని పాంథియాన్ గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి ఊపి, భూమి తిరుగుతోందని జనం కళ్లకు కట్టించింది అలాంటి లోలకంతోనే. లోలకం ఒకే తలంలో ఊగుతుంది. కింద భూమి తిరుగుతుంది కాబట్టి, మనకు లోలకమే మెల్లగా దిశ మారుతున్నట్టు కనిపిస్తుంది. ధ్రువం దగ్గర ఒక చుట్టు తిరగడానికి రోజు పడుతుంది. పారిస్‌లో 32 గంటలు, హైదరాబాదు అక్షాంశం దగ్గర 80 గంటలు పడుతుంది. భూమధ్యరేఖ మీద అసలు తిరగదు. తుఫాన్లు భూమధ్యరేఖకు అటూ ఇటూ ఐదు డిగ్రీల లోపల దాదాపుగా పుట్టకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. అల్పపీడనం ఉన్న చోటికి నాలుగు వైపుల నుంచీ గాలి పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతున్నందువల్ల, మన ఉత్తరార్ధగోళంలో కదిలేదేదైనా తన దారికి కొంచెం కుడివైపు ఒరుగుతుంది; ఆ అమ్మాయి రాసుకున్న కోరియాలిస్ ఫోర్స్ ఇదే. అన్ని వైపుల నుంచీ వచ్చే గాలి అలా కుడికి ఒరిగితే, కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి పడుతుంది. మీరు గంటసేపు ఇదే విషయం మీద మాట్లాడారు. ఆ గంటలో గోడకు అవతల లోలకం తన దిశను నాలుగున్నర డిగ్రీల మేర మార్చుకుంది. నేలమీద నిలబెట్టిన చిన్న పుల్లల్లో రెండిటిని పడగొట్టింది. మీరు లోపలికి వస్తూ దాని పక్కనుంచే వచ్చారు. మీ ఏకాగ్రత అలాంటిది. కళ్లముందున్న వస్తువు మీదికి కూడా ధ్యాస మళ్లలేదు.

వస్తువులున్న చోటు కాబట్టే అది మ్యూజియం. మీ ప్రసంగానికి తెర, మైకు తప్ప మరేమీ అక్కర్లేకపోయింది. అదే ప్రసంగం ఏ హోటలు సమావేశ మందిరంలోనైనా ఇంతే చక్కగా సాగేది.

మీ వంశంలోనే ఒక పెద్దాయన ఉన్నారు, మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకుంటుండగా, దుకాణానికి వచ్చే ఒక ఖాతాదారు 1812లో ఆయనకు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. నాలుగు ఉపన్యాసాలు విన్నారు. విన్నదంతా శుభ్రంగా రాసుకుని, బొమ్మలు గీసి, తానే బైండు చేసి డేవీకి పంపారు. మరుసటి ఏడాది అక్కడే సహాయకుడిగా చేరారు. జనం కోసం పెట్టిన ప్రసంగం ఒక బైండరు కుర్రాణ్ని ఏం చేసిందో ఆ తర్వాతి చరిత్రంతా సాక్ష్యం. డేవీ ఆ రోజు స్లైడ్లు చకచకా మార్చేసి ఉంటే ఆ పుస్తకంలోనూ ఖాళీలే మిగిలేవి.

అదే ఫారడే 1813లోనే, ఇంకా ఇరవై రెండేళ్లు కూడా సరిగా నిండకముందు, తన స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో ఉపన్యాసం ఎలా ఉండాలో చర్చించారు. గదిలోకి గాలి ఎలా రావాలి, పరికరాలు ఎక్కడ పెట్టాలి, వక్త ఎటు చూడాలి, ఎంతసేపు మాట్లాడాలి, ఒక్కటీ వదల్లేదు. గంట చాలునన్నది ఆయన అభిప్రాయం. తర్వాత ఉచ్చారణ, ప్రసంగ పద్ధతి నేర్పే గురువు దగ్గర డబ్బిచ్చి పాఠాలు చెప్పించుకున్నారు. విద్యుత్తు మీద ప్రపంచంలో తనకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేనప్పుడు కూడా, మాట్లాడేటప్పుడు ‘నెమ్మది’ అని పెద్ద అక్షరాలతో రాసిన అట్టను ఎదురుగా పెట్టుకునేవారు. వేగం పెరిగితే ఆ అట్టను కళ్లముందుకు తేవాలని సహాయకుడు ఆండర్సన్‌కు ఆజ్ఞ. గంట ముగియబోతుంటే ‘సమయం’ అని రాసిన ఇంకో అట్ట వచ్చేది. ఆ పద్ధతిలోనే ఆయన పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు పంతొమ్మిది సార్లు ఇచ్చారు. ఒక మామూలు కొవ్వొత్తిని బల్ల మీద పెట్టి, 1860 చివర్లో మొదలుపెట్టి ఆరు ఉపన్యాసాలు చెప్పారు. వత్తిలోకి మైనం ఎలా పాకుతుందో, మంట మధ్య మండని ఆవిరి ఎలా ఉంటుందో, కొవ్వొత్తి కాలితే నీరు ఎందుకు పుడుతుందో చూపించారు. ఒక్కోటి చూపిస్తూ వెళ్లి రసాయన శాస్త్రమంతా పిల్లల చేతుల్లో పెట్టారు. కొవ్వొత్తి ఆ పిల్లల ఇళ్లలోనూ ఉంది కాబట్టి మళ్లీ వెలిగించి చూసుకోగలిగారు.

ఇక మీ వినయం. ఆ సుగుణం గురించి కూడా చెప్పాలి. మొదటి స్లైడులో సహచరుల పేర్లు, చివరి రెండు స్లైడుల్లో నిధులిచ్చిన సంస్థల పేర్లు, మధ్యలో ప్రతి పటం కింద అది ఎవరి పరిశోధన నుంచి తీసుకున్నారో చెబుతూ వచ్చారు. ఇతరుల కష్టాన్ని తన పేరు మీద వేసుకోని మనిషి అని వెంటనే తెలిసిపోయింది. మీ గురించి మాత్రం ఒక్క మాట చెప్పుకోలేదు. తుఫాన్లనే ఎందుకు ఎంచుకున్నారో, ఎక్కడ మొదలైందో పిల్లలకు తెలియలేదు. నాకు మాత్రం తర్వాత తెలిసింది.

ప్రశ్నల సమయం వచ్చింది. ఐదు నిమిషాలు మిగిలాయి. నా పక్కనున్న అమ్మాయి చెయ్యెత్తింది. మైకు ఆమె దాకా రావడానికి ఒక నిమిషం పట్టింది. ఆమె అడిగింది తెలుగులో: “సార్, టీవీలో పోర్టుల్లో ఎనిమిదో నంబరు, తొమ్మిదో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరిక అంటారు కదా. తొమ్మిదో నంబరు కంటే పదో నంబరు పెద్ద తుఫానా సార్?”

ఆ ప్రశ్నకు మీ ముఖం వికసించింది. నేను చూశాను. ‘చాలా మంచి ప్రశ్న అమ్మా’ అన్నారు. ఆ మెచ్చుకోలు మనస్ఫూర్తిగా అన్నదే. ఆ పట్టిక మీ స్లైడ్లలో ఉంది, వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. నలభై స్లైడ్లు వెనక్కి వెళ్లాలి. ఈలోగా సంచాలకులు గడియారం చూపించారు. ‘స్లైడ్లన్నీ మ్యూజియం వాళ్లకు ఇచ్చి వెళతాను, అందులో చూసుకో’ అన్నారు. తర్వాత శాలువా, జ్ఞాపిక, పూలగుత్తి, ఫొటోలు, వందన సమర్పణ జరిగాయి. వందన సమర్పణ తొమ్మిది నిమిషాలు సాగింది. పేర్లు ఎవరివీ మరచిపోకూడదన్న మర్యాద అది.

ఆ పట్టికలో ఉన్నది ఇంతే. 5, 6, 7 నంబర్లు ప్రమాద సూచికలు. 8, 9, 10 మహా ప్రమాద సూచికలు. 8, 9, 10 మూడూ ఒకే తీవ్రతకు సంబంధించినవే. తుఫాను రేవును తన దారికి ఎడమవైపు ఉంచుకుని తీరం దాటుతుందంటే 8, కుడివైపు ఉంచుకుని దాటుతుందంటే 9, రేవు మీదుగానో అతి దగ్గరగానో దాటుతుందంటే 10. ఇక 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అంటే ఆ నంబర్లు పరీక్షలో మార్కుల్లా వరుసగా పెరిగేవి కావు. అందులో పక్క ఉంది, దిక్కు ఉంది. మన కోస్తాలో తుఫాను సాధారణంగా తూర్పు నుంచి పడమరకు వచ్చి తాకుతుంది కాబట్టి, దాని కుడివైపు అంటే తీరం దాటే చోటుకు ఉత్తరాన. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది. ఎడమవైపు, దక్షిణాన, నేల మీంచి సముద్రంలోకి కొడుతుంది. ఉప్పెన వచ్చేది ప్రధానంగా కుడిపక్క. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం ఒడ్డున బతికే ప్రతి ఇంటికీ తెలియాల్సిన సంగతి ఇది. ఏటా పేపర్లో ఆ నంబరు చదువుతాం, చదివి భయపడతాం, అర్థం తెలుసుకోం. ఆ అమ్మాయి ఆ అర్థాన్నే అడిగింది. ఆ రోజు సభలో అంతకన్నా విలువైన మాట ఎవరూ మాట్లాడలేదు, వేదిక మీద ఉన్నవాళ్లతో కలిపి చెబుతున్నాను.

ఒంటిగంట దాటింది. బస్సులు వెళ్లిపోయాయి. మీరు వెనక వరండాలో టీ తాగుతూ నిలబడ్డారు. ఇక్కడ మీ అసలు గొప్పతనం చూశాను. మ్యూజియం అటెండరు, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న పెద్దమనిషి, మీకు టీ అందిస్తూ బెరుగ్గా అడిగాడు. “సార్, మాది దివిసీమ. డెబ్బయ్ ఏడు ఉప్పెనలో మా వాళ్లు చాలామంది పోయారు. గాలివాన చీరాల దగ్గర దాటిందన్నారు. మరి నీళ్లు మా ఊరి మీదికెందుకొచ్చాయి సార్?”

మీరు టీ కప్పు కింద పెట్టారు. సాసరు తీసుకుని అందులో కాస్త టీ పోశారు. “ఇటు చూడు బాబాయ్” అని, వేలితో ఎడమకు తిప్పారు. టీ సుడి తిరిగింది. “ఇదే తుఫాను. ఇదిగో, ఇటు కదులుతోంది, పడమరకి. ఈ కిటికీ గట్టు మన ఒడ్డనుకో. ఇక్కడ చీరాల. మీ దివిసీమ ఇదిగో, దానికి కుడిపక్కన. కుడిపక్కన ఈ సుడి ఎటు తోస్తోంది చూడు. సముద్రాన్ని మీ ఊరి మీదికి తోస్తోంది. ఎడమపక్కన వెనక్కి లాగుతోంది. అటువైపు సముద్రం వెనక్కిపోయి ఉంటుంది.” గాలి ఒత్తిడి తగ్గిన చోట సముద్రం కాస్త పైకి ఉబుకుతుందని, అది మూరెడో మూరన్నరో మాత్రమేనని, అసలు పని గాలిదేనని చెప్పారు. మన ఒడ్డున సముద్రం లోతు తక్కువ కాబట్టి గాలి తోసిన నీటికి కిందికి జారుకునే దారి లేదు, పైకి లేవక తప్పదు అన్నారు. ఆ రాత్రి ఐదు మీటర్ల ఎత్తున నీరెలా లేచిందో అటెండరుకు అర్థమైంది. అతను ఏమీ అనలేదు. సాసరు వైపు చూస్తూ ఉండిపోయాడు. 1977 నవంబరు 19న పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ఉప్పెనను అతను నలభై ఏళ్లకు పైగా మోస్తున్నాడు. దానికి కారణం చెప్పిన మొదటి మనిషి మీరే.

తర్వాత మీరు అతని భుజం మీద చెయ్యివేసి, “నాకప్పుడు ఎనిమిదేళ్లు బాబాయ్, మాది బాపట్ల పక్కన. మా తాతయ్య నన్ను అటక మీద కూర్చోబెట్టాడు. అందుకే ఇందులోకొచ్చాను” అన్నారు.

నాలుగు నిమిషాలు పట్టింది. మూడు వందల మంది పిల్లలకు గంటసేపు అందనిది ఒక్క మనిషికి నాలుగు నిమిషాల్లో అందింది. మీ బాపట్ల తెలుగు ఎంత చక్కగా ఉందో! పలకడంలో తడబాటు లేదు, మాట కోసం వెతుకులాట లేదు. మీరు వదిలేసిన మినహాయింపులు, సవరణలు చాలానే ఉంటాయి. అయినా మీరు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అంతటి విద్య మీ దగ్గర ఉంది కాబట్టే నా బాధ ఎక్కువైంది. చెప్పడం చేతకానివాణ్ని ఎవరూ ఏమీ అనరు.

వేదిక మీద మీరు ఇంగ్లీషులో మాట్లాడడం వెనక గర్వం లేదని నాకు తెలుసు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన అధికారి ఒకరు ముందు వరుసలో కూర్చున్నారు, ఆయనకు ఇబ్బంది కలగకూడదనుకున్నారు. ఆ మర్యాద ఒక అతిథికి దక్కింది. వెనక పాతిక వరుసలకు అందలేదు. జగదీశ్ చంద్రబోసు 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రపు ప్రసంగం చేశారు. ఫారడే నిలబడిన చోట నిలబడి ఇంగ్లీషులో మాట్లాడిన ఆయనే, కంటికి కనిపించని తరంగాల గురించి బెంగాలీలో పిల్లలకు తెలిసేలా రాశారు. ఆ వ్యాసాలు 1921లో ‘అవ్యక్త’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నప్పుడు, మద్రాసు వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచార్యులు ఆ సంగతిని సంభాషణ రూపంలో చిన్న పుస్తకంగా రాశారు. ఇంగ్లీషుతో పాటు దేశభాషల్లోనూ అది వచ్చింది. గ్రహణాలు, పంచాంగాలు లెక్కకట్టే సిద్ధాంతులతో వాళ్ల పద్ధతిలోనే మాట్లాడాలన్న తపన ఆయనది. 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా మండలి జీవశాస్త్రం, పదార్థవిజ్ఞానం తెలుగులో అచ్చువేసింది. అప్పుడు పారిభాషిక పదాలు సిద్ధంగా లేవు, కావలసినవి కల్పించుకుంటూ రాశారు. వాళ్లకు లేని సౌకర్యాలన్నీ మీకున్నాయి. సాసరు దగ్గర మీకు ఒక్క కొత్త పదం కూడా అవసరం పడలేదు.

రామన్ 1968 డిసెంబరులో, ఎనభై ఏళ్ల వయసులో, అహ్మదాబాదులో పిల్లలకూ పెద్దలకూ ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చెప్పారు. విక్రమ్ సారాభాయ్ నెలకొల్పుతున్న కమ్యూనిటీ సైన్స్ సెంటర్ శంకుస్థాపన సందర్భం అది. నోబెల్ బహుమతి పొందిన మనిషి, జీవితమంతా కాంతి మీద పనిచేసిన మనిషి, ఆ రోజున పిల్లాడు అడిగే ప్రశ్ననే ఎంచుకున్నారు.

మీరు ఒక స్లైడులో హెన్రీ పిడింగ్టన్ పేరు చూపించి ముందుకు వెళ్లిపోయారు. నేనైతే ఆ పేరు దగ్గర పదిహేను నిమిషాలు ఆగేవాణ్ని. ఓడ కెప్టెనుగా పనిచేసి, తర్వాత కలకత్తాలోని ఎకనమిక్ జియాలజీ మ్యూజియానికి క్యూరేటరయ్యారు. ఆయనా మ్యూజియం మనిషే. బంగాళాఖాతం తుఫాన్లలో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ గంటకు గాలి ఎటు వీచిందో కూర్చి, సుడి గమనాన్ని పట్టుకున్నారు. అక్కడితో ఆగలేదు. 1848లో నావికుల కోసం ఒక చేతిపుస్తకం వేశారు. దానితో పాటు కొమ్ముతో చేసిన పలచని పారదర్శక పలకలు ఇచ్చారు. పలక మీద సుడి గాలుల దిశలు గీసి ఉంటాయి, ఒక్కో అర్ధగోళానికి ఒకటి. నావికుడు దాన్ని పటం మీద పెట్టి, తన ఓడ మీద వీస్తున్న గాలి దిశతో సరిచూసుకుంటే, సుడి కేంద్రం ఎటువైపు ఉందో, తాను ప్రమాదకరమైన పక్కన ఉన్నాడో లేదో తెలుస్తుంది. గణితం అక్కర్లేదు. గాలివానలో తడుస్తూ, దీపం వెలుగులో వాడుకునే వస్తువు. ఆయన కాలంలోని నావికులకు దొరికినది మన కాలంలోని తొమ్మిదో తరగతి పిల్లకు దొరకలేదు. ఆ పలక లాంటిదాన్ని పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద గీసి మూడు వందలు కత్తిరించడానికి మ్యూజియం వర్క్‌షాపులో ఒక్క పూట చాలు. కోస్తా పటం ఒక్కొక్కటి చేతికిచ్చి, ‘దివిసీమ మీద పెట్టు, కాకినాడ మీద పెట్టు, గాలి ఎటో చెప్పు’ అంటే చాలు. హాలంతా సద్దుమణిగి పని చేస్తుంది.

ఇక్కడ మరొకరిని తలుచుకోవాలి. ఆ పిల్లలను తీసుకొచ్చిన టీచరమ్మ. ఆమె చివరి వరుసలో నిలబడి, మీరు చెబుతున్నదాంట్లో తనకు అర్థమైన ముక్కను ముందున్న నలుగురు పిల్లల చెవిలో తెలుగులో చెబుతూ వచ్చారు. ఇద్దరు నిర్వాహకులు వచ్చి ‘మాట్లాడకండి మేడమ్’ అన్నారు. వక్తకు ఇబ్బంది కలగకూడదని వాళ్ల భావన. ఆమె ఆపేశారు. ఆ హాల్లో అంతసేపూ జరిగిన సైన్స్ ప్రసంగం ఆమెదే.

మీ మీద కోపం ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. చేతకానివాళ్ల ప్రసంగాలు చాలా విన్నాను, విని ఇంటికి వెళ్లిపోయాను. మీలో ఫారడే జాగ్రత్త ఉంది, పిడింగ్టన్ దయ ఉంది. అవి వేదిక మీదికి రావడానికి మీరు అనుమతి ఇవ్వలేదు. వచ్చే ఏడాది మ్యూజియం వాళ్లు మళ్లీ పిలుస్తారు. అప్పుడు మూడు సంగతులు మీరు పట్టుబట్టి అడగండి, మీరు అడిగితే కాదనరు. పరిచయం ఒక్క వాక్యంలో ముగించమనండి, అందులో అటక మీద కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లాడి సంగతి ఉండాలి. ప్రసంగం లోలకం దగ్గర మొదలుపెట్టనివ్వమనండి, పిల్లలు నేల మీద కూర్చుంటారు, అభ్యంతరం చెప్పరు. ప్రశ్నలు ముందు రోజే బడుల నుంచి తెప్పించమనండి, అరగంట వాటికే ఇవ్వండి. ఇక శాలువా టీచరమ్మకు కప్పించండి.

అంతకన్నా ముందు చెయ్యవలసినది ఒకటుంది. ఆ అమ్మాయి తొమ్మిదో నంబరు ప్రశ్నకు జవాబు ఇంకా వెళ్లలేదు. ఆమె బడి పేరు, చిరునామా మ్యూజియం సందర్శకుల రిజిస్టరులో ఉన్నాయి, ఆ రోజు తేదీ కింద చూస్తే దొరుకుతాయి. మన కోస్తాకు తుఫాన్లు మేలో వస్తాయి, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఏప్రిల్‌లో బడులకు సెలవులిచ్చేలోపు ఒక ఉత్తరం రాయండి. ఒక పక్కన సాసరు బొమ్మ గీయండి, రెండో పక్కన 8, 9, 10 వేసి ఏ పక్క ఏదో బాణం గుర్తులు పెట్టండి. కింద మీ సంతకం చేసి, మీ ఫోన్ నంబరు రాయండి. ఆమె మళ్లీ అడుగుతుంది.